సంతకాలు లేకుండా ముగిసిన సాయుధ పోరాటం: మీ ఊళ్ళో దాని ఆనవాళ్ళు వెతకడం ఎలా

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఎప్పుడు ముగిసిందని అడిగితే చాలామంది సెప్టెంబర్ 17 అంటారు. అది నిజాం రాజ్యం ముగిసిన రోజు. పోరాటం ముగిసిన రోజు వేరే. కడవెండిలో ఆంధ్ర మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగి పోరాటం రాజుకుంది 1946 జూలై 4న, యూనియన్ సైన్యం హైదరాబాద్ రాజ్యాన్ని లొంగదీసింది 1948 సెప్టెంబర్‌లో, కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్ 21న. లెక్క వేసి చూడండి. నిజాం ఉండగా సాగింది రెండేళ్ళ రెండు నెలలు, నిజాం పోయాక యూనియన్ సైన్యానికి ఎదురుగా సాగింది మూడేళ్ళ పైన. చివరికి దళాలు తుపాకులు దించాయి గానీ, ప్రభుత్వంతో ఒప్పందమంటూ ఏదీ జరగలేదు. పంచిన భూమి ఎవరికి ఉండాలి, జైళ్ళలో ఉన్నవాళ్ళ సంగతేంటి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఎవరు దిక్కు, ఇవేవీ కాయితం మీదికి రాలేదు.

కాయితం లేదు కాబట్టి ఆ పోరాటం ఏం సాధించిందో ఒక్క చోట చదివి తెలుసుకోవడం కుదరదు. ఓడిపోయిందనే మాట నిజమే, అంతటితో పోయిందనుకుంటే మాత్రం మన ఊళ్ళు మనకు అర్థం కావు. నేను రెండేళ్ళుగా జనగామ వైపు మా ఊళ్ళో, చుట్టుపక్కల ఊళ్ళలో దీన్ని వెతుకుతున్నాను. పాత నల్లగొండ, వరంగల్, ఖమ్మం జిల్లాల్లో ఎవరైనా ఈ పని చెయ్యొచ్చు. చరిత్ర డిగ్రీ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఫోన్‌లో రికార్డర్, ఆదివారాలు కొన్ని, అంతే.

మొదట నోటుబుక్కులో ఒక పేజీకి మధ్యలో గీత కొట్టండి. ఎడమ పక్కన రాజ్యం చేసిన పనులు తేదీలతో రాయండి. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు. 1950 జూన్‌లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళితులు తమ 40 కుటుంబాలకు 80 ఎకరాలు కావాలని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్న రోజు (భూదానం అలా మొదలైంది, ఇది ప్రభుత్వం చేసింది కాదు, అయినా ఈ వరసలోనే రాయాలి). అదే సంవత్సరం అక్టోబర్‌లో విరమణ. 1952 మొదట్లో ఎన్నికలు. ఇప్పుడు ఈ తేదీలను పోరాటం తేదీల పక్కన పెట్టి చూడండి. జాగీర్ల రద్దు, కౌలుదారీ చట్టం, భూదానం, మూడూ దళాలు ఇంకా అడవిలో ఉండగానే వచ్చాయి. ఎవరూ ఎవరితోనూ కూర్చుని మాట్లాడకుండానే, తుపాకీ పట్టినవాళ్ళు అడిగినదాంట్లో కొంత ముక్క చట్టంగా మారింది. ఒప్పందం చెయ్యాల్సిన పనిని ఆ చట్టాలు సగం సగంగా చేశాయి. కుడి పక్కన మీ ఊరికి ఖాళీ వదిలెయ్యండి. ఇక మీరు చేసేదంతా ఆ ఖాళీని నింపడమే.

నేను మొదట్లో చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. పెద్దవాళ్ళ దగ్గరికి పోయి "పోరాటంలో మీరు పాల్గొన్నారా" అని అడిగాను. అప్పటికి పదేళ్ళున్న పిల్లలే ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉన్నారు, వాళ్ళేం పాల్గొంటారు! పైగా ఆ ప్రశ్న వినగానే కొందరు పోలీసు కేసేదో అనుకుని నోరు కట్టేసుకుంటారు. దానికి బదులు ఆగిపోయిన వాటి గురించి అడగండి. "వెట్టి ఎప్పుడు బందయింది?" ఈ ఒక్క ప్రశ్న చాలు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఒక్కో ఇంటిది ఒక్కో వెట్టి. దొర ఇంటికి కట్టెలు కొట్టడం, ఊరికి వచ్చిన అధికారికి మంచం మొయ్యడం, పండక్కి చెప్పులు కుట్టివ్వడం, దొరసాని మేనా ముందు ఉరకడం. ఆ జాబితా ఇంటింటికీ రాసుకోండి, ఎప్పుడు ఆగిందో పక్కన రాయండి.

మా ఊళ్ళో ఒక అవ్వ చెప్పిన మాట చూడండి. "మిల్ట్రీ ఒచ్చినంక దొర మల్ల గడీకొచ్చిండు బిడ్డా. ఖద్దరు టోపీ పెట్టుకొని ఒచ్చిండు. భూములు కొన్ని గుంజుకున్నడు. గని మా నాయినను వెట్టికి రమ్మని కబురు పెట్టలే. పెట్టలేకపోయిండు." ఆ చివరి మాట దగ్గర ఆమె ఆగి, ముందు చెప్పిన 'పెట్టలే'ని 'పెట్టలేకపోయిండు'గా దిద్దుకుంది. నాకు ఆ దిద్దుబాటే ముఖ్యం అనిపించింది. దొర సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు, పట్టా అతని పేరునే ఉంది, పోలీసులు అతని మాటే విన్నారు, అయినా 'బాంచన్ దొరా' అనే మనిషిని తిరిగి తెచ్చుకోలేకపోయాడు. చాలా ఊళ్ళలో మీకు ఇదే దొరుకుతుంది. భూమి సంగతి ఊరికో రకంగా ఉంటుంది, వెట్టి సంగతి మాత్రం దాదాపు ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు భూమి దగ్గరికి రండి. ఎక్కువ టైం పట్టేదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే.

సంఘం, అంటే కమ్యూనిస్టులు ఊళ్ళల్లో నడిపిన ఆంధ్ర మహాసభ (జనం నోట్లో ఇప్పటికీ 'సంగం'), మొదట 500 ఎకరాలు దాటిన భూమిని పంచాలంది, తర్వాత 200కి దించింది, ఆ తర్వాత మెట్ట 100, తరి (నీటి కింద సాగయ్యే భూమి) 10 ఎకరాలకు తెచ్చింది. మొత్తం మీద 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీ లెక్క. అది పార్టీ లెక్క అనే రాసుకోండి, మీ ఊరి లెక్క మీరు తియ్యండి. సైన్యం వచ్చాక పట్టా భూములు చాలావరకు దొరల చేతికి తిరిగి పోయాయి. బంజర్లు, అడవి కొట్టి సాగులోకి తెచ్చిన భూములు ఎక్కువ చోట్ల రైతుల దగ్గరే ఉండిపోయాయి. మీ ఊళ్ళో ఏది ఎటు పోయిందో చూడాలంటే 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన రికార్డు) కావాలి. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా చివరికి వెళ్ళి ఆగేది దాని దగ్గరే, పోరాటం ఆగిన మూడేళ్ళకే తయారైన రికార్డు కాబట్టి మనకు అద్దంలా పనికొస్తుంది. తహశీల్దార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టండి, ఇవ్వకపోతే ఆర్టీఐ వెయ్యండి. నాకు ఒక ఆఫీసులో మూడుసార్లు రికార్డు రూం తాళం లేదన్నారు, నాలుగోసారి ఆర్టీఐ కాయితం చూపిస్తే తాళం దొరికింది. కొన్ని పాత రికార్డులు ఉర్దూలో ఉంటాయి, ఊళ్ళో ఉర్దూ చదివిన పెద్దమనిషిని ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఫసలీ సంవత్సరాలు (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) కనిపిస్తే 590 కలపండి. 1358 ఫసలీ అంటే 1948 అక్టోబర్ నుంచి 1949 అక్టోబర్ దాకా అన్నమాట.

పహాణీ చేతికొచ్చాక ఊరంతా చదవాలని కూర్చోకండి, తల తిరిగిపోతుంది. మొదట పెద్ద సర్వే నంబర్లు, దొర పేరున ఉన్నవి, చెరువు కింద తరి భూములు, ఊరి పొలిమేర బంజర్లు గుర్తు పెట్టుకోండి. ప్రతి దాంట్లో రెండు కాలమ్‌లే చూడండి. పట్టాదారు ఎవరు, సాగులో ఉన్నది ఎవరు. రెండింట్లోనూ ఒకే పేరుంటే అక్కడ పెద్దగా ఏం లేదని దాటెయ్యండి. పేర్లు వేరైతే ఆగండి.

నేను ఆగిన ఒక నంబరు చెబుతాను. ముప్పై ఎకరాల పైచిలుకు మెట్ట, పట్టా కాలమ్‌లో దొర పేరు ఒక్కటే, సాగు కాలమ్‌లో పదిహేడు పేర్లు. ఇంటిపేర్లు చూస్తే ఊళ్ళో ప్రతి కులం ఉంది, గొల్ల, మాల, మాదిగ, చాకలి, ఒక దూదేకుల ఇల్లు కూడా. కొన్ని పేర్ల దగ్గర రెండెకరాలు, కొన్నింటి దగ్గర ఎకరం ఇరవై గుంటలు. కౌలుకు తీసుకున్నవాళ్ళ పేర్లు ఇలా అన్ని కులాల నుంచీ ఇంత సమంగా కనిపించవు. ఎవరో కూర్చుని పంచినట్టు ఉంది. పెద్దలని అడిగితే అవును, అది సంగం పంచిన చెలక అన్నారు. దళం పోయింది, సంగం పోయింది, ఆ పంపకం మాత్రం సర్కారు సొంత రికార్డులోకి ఎక్కి కూర్చుంది.

ఆ పదిహేడు మందిలో తర్వాత పట్టా ఎవరికి వచ్చింది, ఎలా వచ్చింది, అదీ తెలుసుకోండి. మూడు దార్లుంటాయి. ఒకటి, 1950 చట్టం కింద రక్షిత కౌలుదారుగా నమోదై, ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ సర్టిఫికెట్‌తో హక్కు పొందడం. పల్లెల్లో దీన్ని 'పీటీ' (ప్రొటెక్టెడ్ టెనెంట్), 'ముప్పై ఎనిమిది ఈ' అంటారు, పాత ఇనప్పెట్టెల్లో ఈ కాయితాలు ఇంకా దొరుకుతాయి. రెండు, దొర వచ్చినకాడికి వచ్చిందని తక్కువ ధరకు అమ్మేసి పట్నం వెళ్ళిపోవడం. ఇలాంటి అమ్మకాలు రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాయితం మీద జరిగాయి, అదే సాదాబైనామా. సాదాబైనామాలన్నీ అప్పటివే అనుకోవద్దు, చాలా తర్వాతివీ ఉన్నాయి, తేదీ చూసుకోవాలి. కానీ యాభైల నాటి సాదాబైనామా కనిపిస్తే మాత్రం అమ్మినాయన ఎందుకు అమ్మాడో తప్పకుండా అడగండి. భూమి మీద తన మాట చెల్లదని అర్థమైన మనిషి చేసే అమ్మకం వేరుగా ఉంటుంది. మూడో దారి ఏమీ రాకపోవడం. తాతల నుంచి సాగు చేస్తూ ఉంటారు, పట్టా ఎప్పటికీ రాదు. ధరణి (భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్) వచ్చినప్పుడు సాగులో ఉన్నవాళ్ళ పేరు చూపే కాలమ్ లేకుండా పోయింది, ఇలాంటి ఇళ్ళల్లో అప్పుడు పడ్డ టెన్షన్ నేను కళ్ళారా చూశాను. డెబ్భై ఏళ్ళ కిందటి పంపకానికి సంతకం లేకపోవడం అంటే ఏంటో, అప్పట్లో రైతుబంధు (పెట్టుబడి సాయం) డబ్బులు పడని ఇంటికి వెళ్ళి చూడండి, తెలుస్తుంది.

తర్వాత స్తూపాలు. పోరాటం నడిచిన ఊళ్ళలో బస్సు స్టేజీ దగ్గరో బొడ్రాయి దగ్గరో ఎర్ర స్తూపం ఉంటుంది, కొన్ని చోట్ల రెండు. 1964లో పార్టీ చీలాక ఎవరి స్తూపం వాళ్ళు కట్టుకున్నారు, అమరుల పేర్లేమో అవే. ప్రతి పేరు పక్కన చనిపోయిన తేదీ ఉందేమో చూడండి. 1948 సెప్టెంబర్ ముందయితే రజాకార్ల చేతిలోనో దొర గూండాల చేతిలోనో నిజాం పోలీసుల చేతిలోనో పోయినవాళ్ళు. తర్వాతయితే యూనియన్ సైన్యం చేతిలోనో పోలీసుల చేతిలోనో పోయినవాళ్ళు. ఈ రెండో రకం వాళ్ళ గురించి మన ప్రభుత్వాలు ఎప్పుడూ గట్టిగా మాట్లాడవు. సెప్టెంబర్ 17ని ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విద్రోహం అంటారు, 2022లో అది జాతీయ సమైక్యతా దినం అయింది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. పేరు కుదరకపోవడానికి కారణం ఆ రోజు తర్వాతి మూడేళ్ళు. వాటిని ఏ పేరులో పెట్టాలో ఎవరికీ తెలియడం లేదు. అందుకే స్తూపం మీది తేదీలను ఫోటో తీసి పెట్టుకోండి, రంగులు వేసేటప్పుడు పోతుంటాయి.

స్తూపాలతో పాటు విగ్రహాలూ చూడండి. చాకలి ఐలమ్మ విగ్రహం ఇప్పుడు ఎన్ని ఊళ్ళలో ఉందో లెక్కే లేదు. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే, సంగం కార్యకర్తలతో కలిసి ఆ పంటను ఇంటికి చేర్చుకున్న మనిషి ఆమె. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. కోకాపేటలో కురుమ భవనానికి దొడ్డి కొమరయ్య పేరుంది. అన్ని పార్టీలూ దండలు వేస్తున్నాయి, నాకు సంతోషమే. అయితే మీ ఊళ్ళో విగ్రహం పెట్టింది ఎవరో కింద రాసి ఉంటుంది, చదవండి. పార్టీనా, రజక సంఘమా, కురుమ సంఘమా, ప్రభుత్వమా? పార్టీలు బక్కచిక్కాక ఆ పేర్లను కుల సంఘాలు కాపాడాయి. అది గొప్ప పని. అదే సమయంలో కౌలు భూమి గురించి జరిగిన కొట్లాట నెమ్మదిగా ఒక కులం గౌరవంగా మారిపోయింది, భూమి మాట వెనక్కి పోయింది. ఈ మార్పు మీ ఊళ్ళో ఎప్పుడు జరిగిందో విగ్రహం కింది తేదీ చెబుతుంది.

ఓట్ల సంగతి తొందరగా చూసెయ్యొచ్చు. 1952లో కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉంది, అందుకే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు, 175 సీట్ల హైదరాబాద్ అసెంబ్లీలో 42 గెలిచారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, దేశంలోనే అత్యధికం, నెహ్రూ కంటే ఎక్కువ. (అప్పుడు అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఓటరుకు రెండు ఓట్లు, ఇప్పటి అంకెలతో పోల్చేటప్పుడు ఇది మరిచిపోవద్దు.) విరమణ జరిగి కొన్ని నెలలే అయింది! సంతకం లేని చోట జనం బ్యాలెట్‌తో ముద్ర వేశారని నేను నమ్ముతాను. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, తర్వాత రోజుల్లో తుంగతుర్తి నుంచి మల్లు స్వరాజ్యం, మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకు భీమిరెడ్డి నరసింహారెడ్డి, దళాల్లో తిరిగినవాళ్ళే చట్టసభల్లో కూర్చున్నారు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పాత ఫలితాలున్నాయి, మీ నియోజకవర్గం చూడండి, హద్దులు మారుతూ వచ్చాయి కాబట్టి ఊరి పేరు ఎటు పోయిందో సరిచూసుకోండి. ఇప్పుడు ఆ ఓట్లు లేవు, వేరే పార్టీలకు పోయాయి. వెళ్ళిన ఓట్ల కంటే వార్డు మెంబర్లనీ సర్పంచ్‌లనీ చూడండి. అప్పటి సంగం కుటుంబాల పిల్లలు ఏ పార్టీలో ఉన్నా, పంచాయితీ చెప్పడానికి జనం ఇంకా వాళ్ళింటికే వస్తుంటారు.

పాల్వంచ, ఇల్లందు, భద్రాచలం అడవుల వైపు వాళ్ళైతే ఇంకో ప్రశ్న కలపండి. "మీ గూడెం మొదట ఎక్కడుండేది?" దళాలకు అన్నం దొరకకుండా చెయ్యడానికి సైన్యం కోయ గూడేలను ఖాళీ చేయించి ఒక్కచోటకు తోలింది. ఆ పాత చోటు పేరు ముసలివాళ్ళకు తెలుస్తుంది. అక్కడ ఒక చింతచెట్టో, గట్టు రాళ్ళో మిగిలి ఉంటాయి.

ఇక మాట్లాడనివాళ్ళు. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైంది ఇదే, వదిలేస్తే మీరు రాసింది సగమే అవుతుంది.

దళాల చేతిలో చనిపోయినవాళ్ళు ఉన్నారు, దొర మనుషులనో ఇన్ఫార్మర్లనో ముద్ర వేసి దళాలు వాళ్ళని చంపాయి. వాళ్ళ పేర్లు ఏ స్తూపం మీదా ఉండవు. అందులో కొందరు ఏ తప్పూ చెయ్యలేదని ఊరికి తెలుసు. మా పక్క ఊళ్ళో ఒక ఇంటికి మూడుసార్లు పోయాక నాలుగోసారి కూర్చోమన్నారు, మా తాతను ఎందుకు చంపారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదని అన్నారు. నేను పోరాటాన్ని ప్రేమించేవాణ్ణి. ఆ మాట నాకు చాలా బరువనిపించింది, అయినా ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఒప్పందం జరిగి ఉంటే ఇలాంటి ఇంటికి ఎవరో ఒకరు వచ్చి జవాబు చెప్పి ఉండేవారేమో.

ముస్లిం ఇళ్ళు కూడా. రజాకార్లు చేసిన దారుణాలు మనకు తెలుసు, వాళ్ళు ఊరి జనాన్ని చంపిన బైరాన్‌పల్లిలో బురుజు ఇంకా నిలబడి ఉంది. పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం చేసిన దాడికి పెట్టిన పేరు) తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది, 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ ఘోరం మరాఠ్వాడా, గుల్బర్గా, బీదర్ వైపు జరిగింది, అయినా మన వైపు ఇళ్ళలో కూడా ఆ భయం మిగిలింది. సంగంలో పనిచేసిన ముస్లిం రైతులూ కూలీలూ ఉన్నారు, సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన ముగ్గురు నాయకుల్లో మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు. వాళ్ళని రజాకార్ల లెక్కలో వెయ్యకుండా, ముందు వాళ్ళ మాట వినండి.

ఆడవాళ్ళతో విడిగా మాట్లాడండి, ఇంట్లో మగవాళ్ళు పక్కన ఉంటే మాట మారిపోతుంది. 1980లలో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ళు ఆ తరం ఆడవాళ్ళ దగ్గర కూర్చుని విన్నప్పుడు పదే పదే వచ్చిన బాధ ఒకటే. పోరాటం ఆపేశాక మమ్మల్ని ఇళ్ళకు పొమ్మన్నారు, వంటింట్లోకి పొమ్మన్నారు అని. ఆ తరం దాదాపు పోయింది, వాళ్ళ కూతుళ్ళు ఉన్నారు. "మీ అమ్మ తుపాకీ పట్టిందా" అనకండి. "మీ అమ్మ దళంలోంచి ఇంటికొచ్చినంక ఎట్లుండేది" అని అడిగి ఊరుకోండి. నేను ఒకచోట అలా అడిగి పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. ఆమె లేచి లోపలికి పోయి ఒక అల్యూమినియం టిఫిన్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది, అడవిలో వాళ్ళమ్మ మోసిందట, మూత మీద పేరు గీకి ఉంది, అది వాళ్ళమ్మ అసలు పేరు కాదు, దళంలో పేరు. ఇంట్లో ఎవరూ ఆ పేరుతో ఆమెను పిలవలేదట.

రికార్డు చేసేముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టెయ్యండి. భూమి తగాదా కోర్టులో ఉన్న ఇళ్ళ సర్వే నంబర్లు ఎక్కడా బయటపెట్టకండి. పహాణీ నకళ్ళు ఆ రైతుకే ఒక జిరాక్స్ ఇవ్వండి, చాలామంది తమ తాత పేరు రికార్డులో ఉందని మొదటిసారి అప్పుడే చూస్తారు. ఆడియో ఫైళ్ళకు తేదీ, ఊరు, చెప్పినవాళ్ళ వయసు పేరుగా పెట్టండి, ఒక పెన్‌డ్రైవ్ ఆ ఇంట్లో, ఒకటి మీ దగ్గర. నోటుబుక్కులో కుడి పక్క ఖాళీ నిండుతున్నకొద్దీ ఎడమ పక్క తేదీలతో మళ్ళీ మళ్ళీ సరిచూసుకోండి, సరిపోనివి కనిపిస్తే కొట్టెయ్యకుండా చుట్టూ గీత గీసి వదిలెయ్యండి, మళ్ళీ ఆ ఇంటికే పోవాల్సి వస్తుంది.